పాత కార్ల రేసు చూడ్డానికి ఏ వారాంతం ఎంచుకోవాలి: చెన్నై నుంచి బయల్దేరేవాళ్లకు

చెన్నైలో పాత కార్ల ర్యాలీ అంటే ఊరేగింపు. బండి తళతళలాడాలి, అసలు భాగాలు ఉండాలి, అన్నా సాలై ట్రాఫిక్‌లో ఉడికిపోయి ఆగకుండా గమ్యం చేరాలి. అంతవరకే. 1930ల నాటి బుగాటీ, 1950ల నాటి మసరాటీ ఒకదాన్నొకటి తరుముకుంటూ మలుపు తిరగడం చూడాలంటే ఇంగ్లండ్, ఫ్రాన్స్, మొనాకో, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఎక్కడికో ఒకచోటికి టికెట్ తీయాల్సిందే. ఖర్చు తలకు లక్ష దాటుతుంది కాబట్టి పేరు గొప్పగా ఉందని ఎంచుకోకండి. ఏ కార్లు దిగుతున్నాయి, వాటికి ఎంత దగ్గరగా నిలబడనిస్తారు, ఈ రెండింటినీ చూసి తేల్చుకోండి.

ముందు మాటల దగ్గరే తికమక ఉంది. 2021లో మన కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న సొంత బండి వింటేజ్. అంటే 1970 నాటి అంబాసిడర్ కూడా వింటేజే. ఇంగ్లండ్‌లో 1934 నుంచి ఉన్న వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ వాళ్ల లెక్కలో మాత్రం ఆ మాట 1930తో ఆగిపోతుంది. అందుకే వెతికేటప్పుడు ‘వింటేజ్ రేస్’ అని ఒక్కటే కొడితే సగం పోటీలు కనబడవు. అక్కడ ఎక్కువగా వాడే మాట ‘హిస్టారిక్’.

ఇక మీకు ఏ కాలం కార్లు కావాలో తేల్చుకోండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి సన్నటి టైర్ల మీద జారుతూ తిరుగుతాయి. డ్రైవరు మోచేతులు బయటికే కనిపిస్తాయి, స్టీరింగ్‌తో పడే కుస్తీ మొత్తం చూడొచ్చు. 1950, 60ల జీటీ (గ్రాండ్ టూరింగ్) కార్లు, సెలూన్లు అయితే పోటీ బిగువుగా ఉంటుంది, చివరి ల్యాప్ దాకా ఎవరు గెలుస్తారో తెలీదు. 1970ల ఫార్ములా వన్ కార్లలో చాలావాటికి ఉండేది 1967లో వచ్చిన మూడు లీటర్ల కాస్వర్త్ వీ8 ఇంజిన్. దాని అరుపు కోసమే ప్రాణం పెట్టేవాళ్లున్నారు. ఈ మూడూ ఒకేచోట సమపాళ్లలో దొరుకుతాయనుకుంటే నిరాశే.

1940కి ముందువి కావాలంటే వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ మీటింగులే మేలు. ఆగస్టులో చెల్టెనమ్ దగ్గర ప్రెస్కాట్ కొండ మీద వాళ్లు జరిపేది ఒక్కో కారూ గడియారంతో పడే పోటీ. పక్కపక్కన పరుగు ఉండదు, కానీ బండి మీ ముందు నుంచే ఎక్కుతుంది. ప్రొఫెషనల్ ఆర్భాటం తక్కువ. మన ఊరి జాతరలో తిరిగినంత హాయిగా తిరగొచ్చు.

ఇంగ్లండ్‌లో చిచెస్టర్ దగ్గరి గుడ్‌వుడ్ విషయంలో ఒక్క జాగ్రత్త. ఆ ఎస్టేట్‌లో ఏటా మూడు పెద్ద సందళ్లు. ఎండాకాలంలో జరిగే ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్ 1.16 మైళ్ల ఏటవాలు దారి మీద కాలంతో పోటీ. అందులో కొత్త కార్లూ ఉంటాయి. వసంతంలో మెంబర్స్ మీటింగ్, సెప్టెంబర్‌లో రివైవల్, ఈ రెండూ అసలు రేసులు. రివైవల్ అచ్చంగా 1948 నుంచి 1966 దాకా, అంటే ఆ ట్రాక్ మొదట నడిచిన కాలానికే కట్టుబడి ఉంటుంది. పేర్లు కలిపేసుకుని ఫెస్టివల్‌కి టికెట్ తీసి, రేసు ఎప్పుడని అడిగేవాళ్లు తక్కువేం కాదు.

మొనాకో హిస్టారిక్ రెండేళ్లకోసారి, వసంతంలో. ఫ్రాన్స్‌లో లె మాన్ క్లాసిక్ 2002లో మొదలై అదీ రెండేళ్లకోసారి అన్నట్టే నడిచింది. కానీ కోవిడ్ వల్ల 2020ది 2022కి వాయిదా పడింది, లె మాన్ 24 గంటల రేసు శతాబ్ది కోసం 2023లో మళ్లీ పెట్టారు. ‘సరి సంవత్సరాల్లోనే కదా’ అని నోటిలెక్కతో సెలవు పెట్టేస్తే బోల్తా పడతారు. నిర్వాహకులు తేదీ ప్రకటించాకే ఆఫీసులో అడగండి.

తేదీ దొరికాక చూడాల్సింది పోస్టర్ కాదు, టైమ్‌టేబుల్. రివైవల్‌లో ఆర్ఏసీ టీటీ సెలబ్రేషన్ అని గంటసేపు సాగే రేసు ఉంది. ఫెరారీ జీటీవోలు, కోబ్రాలు, ఈ-టైప్ జాగ్వార్లు, కారుకి ఇద్దరు డ్రైవర్లు. అది ఆదివారం. సెలూన్ కార్ల సెయింట్ మేరీస్ ట్రోఫీ రెండు భాగాలు: శనివారం పేరున్న రేసర్లు నడుపుతారు, ఆదివారం ఓనర్లు. శుక్రవారం ఎక్కువగా ప్రాక్టీసు, క్వాలిఫయింగ్, సాయంత్రం మసకలో ఒక రేసు. ఒక్కరోజు టికెట్టే కొనగలిగితే ఫొటోలు, తీరుబడి కావాలనుకునేవాళ్లకు శుక్రవారం, గెలుపోటములు కావాలనుకునేవాళ్లకు ఆదివారం. శనివారం జనం ఎక్కువ, దానికి తగ్గ అదనపు లాభం లేదు. మొనాకోలో అసలు రేసులు ఆదివారమే కాబట్టి అక్కడ శనివారం ఒక్కరోజుకి వెళ్లొద్దు.

లె మాన్ లెక్క వేరు. 2025 దాకా కార్లను కాలాన్ని బట్టి ఆరు గుంపులు చేసేవారు. మొదటిది 1923–1939, ఆరోది 1972–1981. శనివారం మొదలై ఆదివారం దాకా 24 గంటల్లో ఒక్కో గుంపు మూడుసార్లు, ఒక్కోసారి ముప్పావు గంటకు దగ్గరగా పరుగెత్తేది. మీకు కావాల్సిన గుంపు అర్ధరాత్రి దాటాక రావచ్చు. హోటల్ ఊరవతల తీసుకుని రాత్రి పదింటికే వెళ్లిపోతే లె మాన్‌కి వెళ్లి లె మాన్ చూడనట్టే. పారిస్ మోంపర్నాస్ నుంచి రైల్లో గంట ప్రయాణం, స్టేషన్ నుంచి ట్రాక్ వైపు ట్రామ్ ఉంది. ట్రాక్ 13.626 కిలోమీటర్లు కాబట్టి చుట్టూ నడుద్దామనుకోకండి. రెండు చోట్లు ముందే ఎంచుకోండి.

ఒంటరిగా, కార్లకోసమే వెళ్లేవాళ్లకు మొదటిసారికి మా ఓటు లె మాన్‌కే. కార్లంటే పెద్దగా పట్టని ఇంట్లోవాళ్లను కూడా తీసుకెళ్తుంటే రివైవల్. అక్కడ పాతకాలపు బట్టలతో రావడం ఆనవాయితీ. దానికోసం అద్దె సూట్లు వెతకనక్కర్లేదు. 1950ల్లో మైలాపూర్‌లో కట్టిన కంచిపట్టు, పంచె కండువా ఆ కాలానికి అచ్చంగా సరిపోతాయి. సెప్టెంబర్ చలికి పైన ఉన్ని కోటు మాత్రం ఉండాలి, వానకి గొడుగు కూడా. మొనాకో మొదటిసారికి వద్దంటాం. స్టాండ్‌లో సీటుకి కట్టేసినట్టే ఉంటుంది. అయినా పాత గ్రాండ్ ప్రీ కార్లను అదే వీధుల్లో చూడాలన్న కోరిక ఉంటే బస నీస్‌లో పెట్టుకోండి, రైల్లో సుమారు ఇరవై ఐదు నిమిషాలు. కాలిఫోర్నియాలో లగూనా సెకా ట్రాక్ మీద పాత కార్ల రేసులు ఆగస్టులో. కార్క్‌స్క్రూ మలుపు దగ్గర కారు దాదాపు అయిదున్నర అంతస్తుల ఎత్తు కిందికి జారుతుంది. ఆ వారమంతా పక్కనున్న మాంటెరేలో హోటల్ ధరలు మండిపోతాయి, సాలినాస్ వైపు చూడండి. ఆస్ట్రేలియాలో మార్చి నెల ఫిలిప్ ఐలండ్ క్లాసిక్, మెల్‌బోర్న్ నుంచి సుమారు 140 కిలోమీటర్లు. పేరు చిన్నదే గానీ తోపులాట లేకుండా చూడొచ్చు, గాలి మాత్రం చెవులు కొరుకుతుంది.

టికెట్ కొనేటప్పుడు ‘ప్యాడక్’ (రేసుకి ముందు కార్లను సిద్ధం చేసే ఆవరణ) అనే మాట అందులో ఉందో లేదో చదవండి. కొన్నిచోట్ల మామూలు టికెట్‌కే లోపలికి రానిస్తారు, కొన్నిచోట్ల వేరే పాస్. డబ్బు మిగిలితే గ్రాండ్‌స్టాండ్ సీటు మీద కాక దీనిమీద పెట్టండి. ఎందుకంటే సగం వినోదం అక్కడే. పాత రేసు ఇంజిన్‌ని నేరుగా రేసు స్పార్క్ ప్లగ్గులతో వేడిచేస్తే ప్లగ్గులు మసిపట్టి మంట రావడం మానేస్తాయి. అందుకని మెకానిక్ ముందు ‘హాట్’ ప్లగ్గులు బిగించి ఇంజిన్ వేడిచేసి, ఆపి, ఒక్కొక్కటే విప్పి రేసువి బిగిస్తాడు. గుడ్డ పరిచి ప్లగ్గులు వరసగా పేర్చిన బండి కనబడితే అక్కడే నిలబడండి, ఇంకాసేపట్లో ఆ కారు ట్రాక్ మీదికి పోతుంది. కొన్ని కార్ల పొగలో కమ్మటి వాసన ఒకటి వస్తుంది, మన ముక్కుకి ఇట్టే తెలిసిపోతుంది. అది ఆముదం. ఆముదంతో చేసిన రేసు నూనె అది. క్యాస్ట్రాల్ పేరులో ‘క్యాస్టర్’ ఉన్నది అందుకే.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. సైలెన్సర్ లేని ఇంజిన్ పక్కన శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. ఆ స్థాయిలో చెవికి పావుగంటే భద్రం. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులు చాలు, కానీ నలిపి సన్నగా చేసి, చెవిని పైకి లాగి లోపలికి పెట్టాలి. ఊరికే బయట ఆనించి ఉంచితే పెట్టుకోనట్టే. పిల్లలకు పైనుంచి పెట్టే మఫ్స్ కొనండి.

ఇంత ఖర్చుకి ముందు ఒక ఆదివారం ఇరుంగాట్టుకోట్టైలో గడపండి. పూందమల్లి దాటి శ్రీపెరుంబుదూర్ దారిలో, నగరం నుంచి నలభై కిలోమీటర్లు. 3.717 కిలోమీటర్ల ఈ ట్రాక్ 1990 నుంచి ఉంది. అంతకుముందు రేసులు షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగేవి, నెల్లూరు బస్సులో వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఆ ఊరి మీదుగానే పోతారు. ఇక్కడ కార్లు పాతవి కావు, కానీ చూసే విద్య ఒకటే. ఒక కాగితం మీద ల్యాపుకో నిలువు గడి గీసి, కార్లు దాటిన వరసలో నంబర్లు రాసుకుంటూ పోండి. చారిత్రక రేసుల్లో రెండు మూడు తరగతుల కార్లు కలిసి పరుగెడతాయి, పదో స్థానంలో వచ్చినవాడు తన తరగతిలో మొదటివాడు కావచ్చు. ఈ కాగితం లేకపోతే ఎవరు గెలిచారో తెలియక పక్కవాణ్ని అడగాలి. మూడు గంటలు ఎండలో నిలబడ్డాక కూడా రాయబుద్ధి అవుతుంటే ధైర్యంగా వీసాకి పెట్టుకోండి.

వీసా, టికెట్ల వరస కూడా ముఖ్యమే. ఫ్రాన్స్ లాంటి ఐరోపా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అర్జీ పెట్టొచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మొనాకోకి వెళ్లాలన్నా దారి ఫ్రాన్స్ వీసానే. బ్రిటన్‌కి మూడు నెలల ముందే తీసుకుంటారు, మామూలుగా మూడు వారాల్లో తేలుస్తారు. చిక్కేమిటంటే రివైవల్ టికెట్లు ముందుగానే కొనాలి, గేటు దగ్గర దొరకవు, వీసా తేలేదాకా ఆగితే కావాల్సిన రోజు అయిపోవచ్చు. కాబట్టి ముందు రేసు టికెట్, తర్వాత రద్దు చేసుకునే వీలున్న హోటల్, ఆ తర్వాత వీసా, అది చేతికొచ్చాకే విమానం. ఎంట్రీ లిస్టు రేసుకి ముందు మారుతూనే ఉంటుంది, గేరుబాక్సు విరిగి మీ అభిమాన కారు రాకపోవచ్చు. ఒక్క కారు కోసం బయల్దేరకండి, ఒక గ్రిడ్ (ఒకే రేసులో దిగే కార్ల గుంపు) కోసం బయల్దేరండి.

ఆదివారం రాత్రి విమానం మాత్రం తీయకండి. ఆఖరి రేసు సాయంత్రం అవుతుంది, కార్ పార్క్ నుంచి బయటపడటానికే గంట పట్టొచ్చు, రివైవల్‌కైతే చిచెస్టర్ నుంచి లండన్ విక్టోరియాకి ఇంకో గంటన్నర రైలు. సోమవారానికి పెట్టుకోండి.