రక్తం గడ్డకట్టే సమస్యలు: నెల తప్పిన కొత్తలోనే తెలుసుకోవడం ఎలా?

నెల తప్పిందని తెలియగానే ఏఎన్ఎం పేరు రాసుకుని మాతా శిశు రక్షణ కార్డు ఇస్తారు. రక్తం తీసి హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగర్, హెచ్ఐవీ లాంటివి చూస్తారు. రక్తం ఆగకుండా కారే జబ్బులు కొన్ని, రక్తనాళాల్లో రక్తం గడ్డలు కట్టే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఈ మామూలు పరీక్షల్లో అవి బయటపడవు. వాటికి వేరే పరీక్షలున్నాయి గానీ అందరికీ చేయరు, అందరికీ అక్కర్లేదు కూడా. మీకు చేయాలో లేదో డాక్టరు తేల్చుకోవాలంటే మీ ఇంటి సంగతులు మీరే చెప్పాలి.

మొదటి పని: పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి

ఒక నోటుపుస్తకంలో ఒక పేజీ పుట్టింటికి, ఒక పేజీ అత్తింటికి పెట్టుకోండి. “మనవాళ్లలో రక్తం జబ్బులేమైనా ఉన్నాయా?” అని అడిగితే “మనింట్లో అట్లాంటివేం లేవమ్మా” అనేస్తారు. జరిగిన సంగతులు గుర్తుచేస్తూ అడగాలి.

“అవ్వా, మనింట్లో ఏ బిడ్డకైనా బొడ్డు దగ్గర రక్తం ఆగకుండా కారిందా? చెవులు కుట్టించినప్పుడు? పన్ను పీకించుకుని మర్నాడు కూడా రక్తం ఉమ్మినవాళ్లున్నారా?” ముస్లిం కుటుంబాల్లో సున్తీ చేయించినప్పుడు ఏమైందో అడగండి. చిన్న దెబ్బకే మోకాలు వాచి మంచాన పడే మగపిల్లలున్నారా? ముట్టయినప్పుడు రక్తం ఎక్కించాల్సి వచ్చిన ఆడవాళ్లు? కాన్పయ్యాక రక్తం ఆగక పెద్దాసుపత్రికి తీసుకెళ్లినవాళ్లు?

గడ్డలు కట్టే జబ్బుకు ప్రశ్నలు వేరు. చిన్న వయసులోనే పక్షవాతం వచ్చినవాళ్లు, ఒక కాలు మాత్రమే వాచి నొప్పితో ఆసుపత్రిలో చేరినవాళ్లు, బాలింతగా ఉండగా ఉన్నట్టుండి ఆయాసం వచ్చి పోయినవాళ్లు ఉన్నారేమో కనుక్కోండి. మీకు ఇంతకుముందు కడుపు పోయి ఉంటే ఎన్నిసార్లు, ఎన్నో నెలలో, స్కానింగులో గుండె చప్పుడు కనిపించిందా లేదా రాసుకోండి. ఆ పాత స్కానింగు కాగితాలు పారేయకండి.

మన నెల్లూరు, ప్రకాశం వైపు మేనరికాలు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ఒక మాట విడిగా చెప్పాలి. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గర నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బులు కొన్ని ఉన్నాయి. దగ్గర సంబంధాల్లో ఇవి కనిపించే అవకాశం ఎక్కువ. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లను ఫ్యాక్టర్లంటారు, వాటిలో ఫ్యాక్టర్ 13 లోపం అలాంటిదే. ఈ లోపం తీవ్రంగా ఉన్నవాళ్లకు పుట్టినప్పుడు బొడ్డు నుంచి రక్తం కారుతుంది, పెద్దయ్యాక ఆడవాళ్లకు మళ్లీ మళ్లీ కడుపు పోతుంది. గడ్డకట్టడానికి చేసే మామూలు పరీక్షలన్నీ దీంట్లో నార్మల్‌గానే వస్తాయి. “చిన్నప్పుడు నాకు బొడ్డు రక్తం ఆగలేదట” అని మీరంటేనే డాక్టరుకు ఆ అనుమానం వస్తుంది.

ఫ్యాక్టరు తక్కువై రక్తం ఆగకుండా కారే హిమోఫిలియా సంగతి వేరు, దానికి మేనరికంతో పని లేదు. మగపిల్లలకు ఎక్కువగా తల్లి ద్వారా వస్తుంది. తల్లి క్యారియర్ (లోపమున్న జన్యువును మోసే మనిషి) అయితే పుట్టే ప్రతి మగబిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం, ప్రతి ఆడబిడ్డా క్యారియర్ అయ్యే అవకాశం కూడా అంతే. మీ అన్నదమ్ములకో, మేనమామకో ఈ జబ్బుంటే అది మీరు మోస్తున్నారేమో చూపించుకోవాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. కోడలి మీద నింద వేయడానికి ఈ వివరాలు వాడుకోకూడదని ఇంట్లోవాళ్లకు ముందే గట్టిగా చెప్పండి.

రెండో పని: 12 వారాల లోపు ఆ నోటుపుస్తకం డాక్టరు ముందు పెట్టండి

గర్భంతో ఉన్నప్పుడు రక్తం తనంతట తానే త్వరగా గడ్డకట్టే వైపు మారుతుంది. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్, ఫ్యాక్టర్ 8 నెలలు నిండేకొద్దీ పెరుగుతాయి. అసలు తక్కువ ఉన్న మనిషికి ఏడో నెలలో పరీక్ష చేస్తే నార్మల్ అని రావచ్చు. గడ్డలు కట్టకుండా ఆపే ప్రొటీన్ ఎస్ దీనికి ఉల్టా, గర్భంలో సహజంగానే తగ్గుతుంది. లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వచ్చి అనవసరపు టెన్షన్. గడ్డలున్నాయేమో చూసే డీ-డైమర్ కూడా గర్భిణులకు పెరిగే ఉంటుంది. అందుకే పెళ్లయ్యాక, నెల తప్పకముందే చూపించుకుంటే అన్నిటికన్నా మేలు. ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో జరిగే గర్భిణుల పరీక్షలు నాలుగో నెల నుంచి ఉన్నవాళ్ల కోసం. కుటుంబంలో ఇలాంటి చరిత్ర ఉంటే అప్పటిదాకా ఆగొద్దు.

మూడో పని: ఏ పరీక్ష ఎందుకో అడిగి చేయించుకోండి

చిన్న ల్యాబుల్లో చేసే బీటీ (రక్తం ఆగే సమయం), సీటీ (గడ్డకట్టే సమయం) నార్మల్ వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. ఓ మాదిరి లోపాలు వాటికి దొరకవు. రక్తస్రావం చరిత్ర ఉంటే రక్తకణాలు లెక్కించే సీబీపీలో ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ, ఏపీటీటీతో మొదలుపెట్టి, వాటిని బట్టీ ఇంటి చరిత్రను బట్టీ వాన్ విల్లెబ్రాండ్, ఫ్యాక్టర్ పరీక్షలకు వెళ్తారు.

కడుపు నిలవని వాళ్లకు ముఖ్యమైనది యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, అంటే ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల వల్ల గడ్డలు కట్టే జబ్బు. దీనికి మూడు పరీక్షలు: లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా2 గ్లైకోప్రొటీన్ యాంటీబాడీలు. ఒకసారి పాజిటివ్ వస్తే సరిపోదు, కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేసి చూడాలి. జబ్బు ఖాయమైతే తక్కువ డోసు ఆస్పిరిన్, గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లతో చాలామంది బిడ్డను కంటున్నారు.

ఒక్కసారి, అదీ తొలి నెలల్లో కడుపు పోయినంత మాత్రాన వేలు పోసి పెద్ద ప్యాకేజీ చేయించుకోనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. తొలి నెలల్లో పోయే కడుపులకు ఎక్కువగా పిండంలోని క్రోమోజోముల తేడాలే కారణం.

శాంపిల్ ఇచ్చేటప్పుడు కూడా చూసుకోండి. ఈ పరీక్షలకు రక్తం లేత నీలం మూత ఉన్న గొట్టంలో తీస్తారు. దాని మీద గీత ఉంటుంది, రక్తం సరిగ్గా అక్కడిదాకా రావాలి. తక్కువైతే లోపలి మందు పాళ్లు తప్పి రిపోర్టు తప్పుగా వస్తుంది. ఏపీటీటీ, ఫ్యాక్టర్ పరీక్షలకు సుమారు 4 గంటల్లో పరీక్ష జరగాలి, లేదంటే ప్లాస్మా వేరుచేసి ఫ్రీజ్ చేసి పంపాలి. ఉదయగిరిలో తీసిన రక్తం సాయంత్రం బస్సులో చెన్నై వెళ్తుందంటే, మీరే నెల్లూరు వెళ్లి పెద్ద ల్యాబులో ఇవ్వడం మంచిది.

ఎక్కడికి వెళ్లాలి?

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ముందు గైనకాలజీ ఓపీకి వెళ్లి నోటుపుస్తకం చూపించండి. హిమోఫిలియా కుటుంబమైతే జబ్బున్న మనిషి రక్తంలో జన్యు లోపం ముందే కనిపెట్టి ఉండాలి. ఆ పని వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో చేస్తారు. లోపం ఏదో తెలిస్తే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు ఉందో లేదో చెప్పగలరు. ఇది రిజిస్టరైన కేంద్రాల్లోనే చేయాలి. ఆడా మగా చెప్పించుకోవడం 1994 చట్టం కింద నేరం.

మందుల దగ్గర జాగ్రత్త

గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ మాత్రలు వాడుతున్నవాళ్లు నెల తప్పిందనుకున్న రోజే డాక్టరును కలవాలి. 6 నుంచి 12 వారాల మధ్య ఈ మందులు బిడ్డకు హాని చేయవచ్చు. అలాగని సొంతంగా ఆపేస్తే వాల్వు మీద గడ్డకట్టి మీ ప్రాణానికే ముప్పు. హెపారిన్ మాయ దాటి బిడ్డ దగ్గరికి పోదు, దానికి ఎప్పుడు మారాలో డాక్టరే చెబుతారు. రక్తస్రావం జబ్బున్నవాళ్లు నొప్పి మాత్రలు అడక్కుండా మింగొద్దు, ధనుర్వాతం సూదికి ముందే నర్సుకు చెప్పాలి.

వాంతులు ఆగక నీరసించినా, రోహిణి ఎండలకు ఒంట్లో నీరు తగ్గినా గడ్డలు కట్టే ముప్పు పెరుగుతుంది. ఒక కాలు, ముఖ్యంగా ఎడమ కాలు, వాచి నొప్పి పుడితే నూనె రాసి పిసక్కుండా డాప్లర్ స్కానింగుకు వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

చెకప్‌లు ఒంగోలులో, కాన్పు పుట్టింట్లో అనుకునేవాళ్లు కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి. రక్తనిధి ఉన్న ఆసుపత్రిని ఏడో నెలలోనే చూసిపెట్టుకోండి. హిమోఫిలియా అనుమానం ఉంటే కాన్పులో బిడ్డను వాక్యూమ్‌తో లాగొద్దని, బొడ్డుతాడు రక్తంతో ఫ్యాక్టర్ పరీక్ష చేయమని కేసు షీటు మీద ముందే రాయించండి. కాన్పయ్యాక పెరిగిన ఫ్యాక్టర్లు మళ్లీ పడిపోతాయి, ఇంటికొచ్చిన తర్వాత కూడా రక్తస్రావం ఎక్కువ కావచ్చు. గడ్డలు కట్టే ముప్పు కూడా 6 వారాల దాకా ఉంటుంది. హెపారిన్ రాసిచ్చి ఉంటే బాలింతకు పడదని ఎవరన్నా మధ్యలో ఆపకండి.