మనసులోని ఒత్తిడి శరీరానికి చేటు చేయకుండా చూసుకోవడం ఎలా?

అర్ధరాత్రి ఫోను మోగితే, అవతలివారు ఏం చెప్పబోతున్నారో తెలియకముందే గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమర్చుతాయి. అప్పటికి కలిగింది ఒక ఊహ మాత్రమే అయినా, శరీరం దానికి నిజమైన ప్రమాదం ఎదురైనట్లే స్పందిస్తుంది. భయం, కోపం, నొప్పి, ఆకలి కలిగినప్పుడు శరీరంలో వచ్చే ఈ మార్పులను అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే విపులంగా వర్ణించాడు. మెదడులోని హైపోథాలమస్ నాడుల ద్వారా మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించగానే క్షణాల్లో అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలో కలుస్తుంది. ఆ వెనుకే పిట్యూటరీ గ్రంథి ద్వారా మరో సంకేతం వెళ్లి, కొద్ది నిమిషాల్లో కార్టిసాల్ అనే మరో ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. రక్తంలో చక్కెర, రక్తపోటు పెరుగుతాయి, కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది.

ఈ ఏర్పాటు మన ప్రాణరక్షణ కోసమే ఉంది. ప్రమాదం తొలగగానే ఇదంతా చల్లబడితే శరీరానికి నష్టమేమీ ఉండదు. తీరని ఆందోళన, దిగమింగుకున్న కోపం, తెగని దిగులు దాన్ని నెలల తరబడి చల్లబడనీయకపోవడమే చిక్కు. కాబట్టి చెడు ఆలోచన ఒక్కటి కూడా రాకూడదని పట్టుపట్టడం కంటే, రేగిన శరీరం తిరిగి నెమ్మదించేలా చూసుకోవడం మీద దృష్టి పెట్టాలని నా అభిప్రాయం. ఆలోచనలు రావడం మన చేతిలో లేదు, వచ్చాక వాటితో ఎంతసేపు గడపాలన్నది కొంతవరకు మన చేతిలో ఉంది.

దీర్ఘకాలిక ఒత్తిడి ప్రభావం ఊహాగానం కాదని చెప్పడానికి రెండు అధ్యయనాలు చాలు. 1991లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్‌ల చుక్కలు వేసి గమనించగా, ఎక్కువ ఒత్తిడిలో ఉన్నవారికే ఎక్కువగా జలుబు చేసింది. 1995లో వెలువడిన మరో అధ్యయనంలో, మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులకు ఏళ్లుగా సేవ చేస్తున్న మహిళలకు చర్మం మీద చేసిన చిన్న గాయం, అలాంటి బాధ్యత లేనివారితో పోలిస్తే సగటున 9 రోజులు ఆలస్యంగా మానింది. ఇక హఠాత్తుగా కలిగిన దుఃఖం గుండె కండరాన్నే తాత్కాలికంగా బలహీనపరిచి, అచ్చం గుండెపోటు లక్షణాలు తెచ్చే స్థితిని 1990లో జపాన్ వైద్యులు వర్ణించారు. దాన్ని టకోట్సుబో అంటారు. అది చాలామందిలో కొన్ని వారాల్లో నయమవుతుంది.

అయితే ఇక్కడొక హెచ్చరిక అవసరం. మనసుకు శరీరంపై ప్రభావం ఉందంటే ప్రతి జబ్బూ మనసు వల్లే వచ్చిందని అర్థం కాదు. క్యాన్సర్ వచ్చిన మనిషితో “నీ ఆలోచనలే ఇంత పని చేశాయి” అనడానికి శాస్త్రాధారం లేదు సరికదా, అది రోగి మీద రెండో భారం మోపడమే. మంచి ఆలోచనలు చేస్తున్నాం కదా అని బీపీ, షుగర్ మందులు మానేయడమూ ప్రమాదకరం. కింద చెప్పేవన్నీ వైద్యానికి తోడుగా చేసుకోవలసినవి.

మొదట, మీ ఒత్తిడి శరీరంలో ఎక్కడ కనిపిస్తుందో తెలుసుకోండి. కొందరికి దవడ బిగుసుకుంటుంది, కొందరికి మెడ పట్టేస్తుంది, మరికొందరికి కడుపులో మంట, విరేచనాలు మొదలవుతాయి. రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో రోజుకు రెండు మూడు వాక్యాలు రాయండి: ఏ సమయంలో ఏం జరిగింది, అప్పుడు ఏం అనిపించింది, శరీరంలో ఏం తెలిసింది, ముందు రాత్రి ఎంత నిద్రపోయారు, కాఫీ ఎంత తాగారు. కాఫీ సంగతి ఎందుకంటే, అది తెచ్చిన గుండె దడను ఆందోళనగా పొరబడేవారు తక్కువేమీ కాదు. ప్రతి చిన్న నొప్పికీ భయపడే స్వభావం ఉన్నవారు మాత్రం ఈ రాతను క్లుప్తంగా ముగించాలి, లేకపోతే గమనించడమే కొత్త ఆందోళనగా మారుతుంది.

తర్వాత శ్వాస. గుండె వేగాన్నీ జీర్ణక్రియనూ మనం నేరుగా ఆదేశించలేం, శ్వాసను ఆదేశించగలం. అందుకే తక్షణ ఉపశమనానికి నేను అన్నిటికంటే ముందు దీన్నే సూచిస్తాను. గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకూ పొట్టకూ వెళ్లే వేగస్ నరం ప్రభావం వల్ల తగ్గుతుంది. వదలడం నిదానంగా సాగితే ఆ నెమ్మదింపు కూడా ఎక్కువసేపు ఉంటుంది. నడుము నిటారుగా ఉంచి కూర్చుని, ముక్కుతో 4 సెకన్లు పీల్చి, 6 సెకన్లు వదలండి. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. బలవంతంగా రొమ్ము నిండా పీల్చకుండా, పొట్ట మెల్లగా పైకి లేచేంత పీలిస్తే చాలు. ఐదు నిమిషాలు చేయండి, తల తిరిగినట్లు అనిపిస్తే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. దీన్ని ప్రశాంతంగా ఉన్న వేళల్లోనే రోజూ సాధన చేయాలి, ఎందుకంటే ఆందోళన ముంచెత్తిన క్షణంలో కొత్త విద్య నేర్చుకోవడం ఎవరికైనా కష్టమే. ఒళ్లు బిగుసుకుపోయే అలవాటు ఉన్నవారు దీనికి తోడుగా, పాదాల నుంచి ముఖం వరకు ఒక్కో భాగాన్ని ఐదారు సెకన్లు బిగించి ఒక్కసారిగా వదిలేయవచ్చు.

అసలు కష్టం, జరిగిపోయిన మాటను మనసు పదేపదే నెమరువేయడంలో ఉంది. గొడవ పది నిమిషాల్లో ముగుస్తుంది, దాన్ని తలచుకున్న ప్రతిసారీ శరీరం మళ్లీ రేగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు కాగితం మీద ఒక పక్క నిజంగా జరిగినదాన్ని, మరో పక్క దాని గురించి మీరు ఊహించుకున్నదాన్ని రాయండి. “పై అధికారి నా పలకరింపుకు జవాబివ్వలేదు” అన్నది జరిగినది, “నన్ను ఉద్యోగం నుంచి తీసేస్తారు” అన్నది ఊహ. కలిగిన భావానికి సరైన పేరు పెట్టడం కూడా మేలు చేస్తుంది. కోపం అనుకున్నది చాలాసార్లు అవమానమో భయమో అయి ఉంటుంది. లోపల ఉడికిపోతూ పైకి ఏమీ లేనట్లు నటించడం శరీరానికి అదనపు శ్రమ. అలాగని అరిచి, వస్తువులు విసిరికొడితే కోపం చల్లారుతుందనుకోవడమూ పొరపాటే.

పాత గాయాల గురించి రాసుకోవడం మీద మనస్తత్వశాస్త్ర పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థులు రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాశారు. తమను కలచివేసిన ఘటనలనూ వాటి తాలూకు భావాలనూ కలిపి రాసినవారు ఆ తర్వాతి నెలల్లో వైద్యుల దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. తర్వాతి పరిశోధనల్లో ఈ ప్రయోజనం చిన్నదిగానే తేలింది, రాసిన వెంటనే మనసు మరింత బరువెక్కవచ్చు కూడా. గాయం ఇంకా పచ్చిగా ఉంటే ఒంటరిగా కాక కౌన్సెలర్ సాయంతోనే ఈ పని చేయాలి.

నిద్ర, వ్యాయామం గురించి అందరికీ తెలిసిందే. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవడం లాంటి వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. మనుషుల తోడును మాత్రం ఆరోగ్య విషయంగా మనం తగినంత లెక్కలోకి తీసుకోవడం లేదు. 2010లో 148 అధ్యయనాలను, మూడు లక్షల మందికి పైగా వ్యక్తుల వివరాలను కలిపి విశ్లేషించినప్పుడు, బలమైన సంబంధాలు ఉన్నవారిలోనే అధ్యయనాలు ముగిసేనాటికి ఎక్కువమంది బతికి ఉన్నట్లు తేలింది. కనీసం ఒక్కరితోనైనా దాపరికం లేకుండా మాట్లాడే సమయాన్ని వారంలో ఒకసారి నిర్ణయించుకోండి.

ఛాతీలో నొప్పి, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి, ఉన్నట్టుండి మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం వంటివి కనిపిస్తే “టెన్షన్ వల్లే” అనుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినప్పుడు కూడా అంతే తొందర అవసరం. దిగులు, నిరాసక్తత రెండు వారాలకు మించి కొనసాగితే మానసిక వైద్యుణ్ని సంప్రదించండి. పరీక్షల్లో ఏమీ తేలనంత మాత్రాన మీ నొప్పి అబద్ధం కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లి, శరీర లక్షణాలతోపాటు ఇటీవల ఇంట్లోనో పనిలోనో ఎదురైన కష్టాలను కూడా దాచకుండా చెప్పండి.