నడకలోంచి కరెంటు – 3వ పాఠం: వోల్టులు చూసి మోసపోవద్దు

పోయిన పాఠంలో పీవీడీఎఫ్ పొరకు (వంచినా నొక్కినా కరెంటు పుట్టించే సన్నటి ప్లాస్టిక్ పొర) తీగలు అతికించడం దాకా వచ్చాం. గవర్నర్‌పేటలో కొన్న ఇత్తడి బజర్ ప్లేటు (నొక్కితే ఇదీ కరెంటు ఇస్తుంది) కూడా పక్కన పెట్టుకోండి, ఇవాళ రెండూ కావాలి. వాటితో పాటు కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే వన్ ఎన్ 4148 డయోడ్లు నాలుగు, చార్జిని దాచుకునే ఒక మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ ఒకటి. షాపువాడు ఎలక్ట్రోలైటిక్ రకం ఇస్తే తీసుకోకండి. దాని లీకేజీకే మన సంపాదనంతా సరిపోతుంది.

ప్లేటును నొక్కితే కరెంటు ఒకవైపు, వదిలితే రెండోవైపు పోతుంది. రెండూ కెపాసిటర్‌లోకి ఒకే దిక్కుగా రావాలంటే నాలుగు డయోడ్లతో బ్రిడ్జి కట్టాలి. డయోడ్ మీద నల్ల గీత ఉంటుంది చూడండి. రెండు డయోడ్ల గీతలు కలిసిన చోటు ప్లస్. మిగతా రెండింటి గీత లేని కొసలు కలిసిన చోటు మైనస్. కెపాసిటర్ ఈ రెండింటి మధ్య వస్తుంది. డయోడ్లు కలిసే మిగతా రెండు చోట్లకు ప్లేటు తీగలు. టంకం పనంతా ముందే ముగించుకోండి. పొర 80 డిగ్రీలు దాటి వేడెక్కితే దాని గుణం పోవడం మొదలవుతుంది, ఐరన్‌ను దాని దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది పొరను నేరుగా మల్టీమీటర్‌కు తగిలించి, ఏమీ రాలేదని పారేస్తారు. మామూలు డిజిటల్ మీటర్ నిరోధం 10 మెగా ఓమ్‌లు. పొర కెపాసిటెన్స్ ఒక నానోఫారడ్ అనుకుంటే సెకనులో నూరో వంతులో చార్జి మీటర్‌లోకే కారిపోతుంది. అంకె కదిలేలోపు అంతా అయిపోతుంది. దీనికి ఎదురు మోసం ఇంకోటుంది: వీడియోల్లో 20 వోల్టులు, 50 వోల్టులు అని చూపిస్తారు. అబద్ధం కాదు, కానీ అవి ఏ లోడూ లేనప్పటివి. సన్నటి గొట్టంలో గుక్కెడు నీళ్లు పోసినా మట్టం పైకి కనిపిస్తుంది, అవే నీళ్లు బిందెలో పోస్తే అడుగు కూడా తడవదు. పీవీడీఎఫ్ సన్నటి గొట్టం లాంటిది: ఒక న్యూటన్ బలానికి 20, 30 పికోకూలంబ్‌ల చార్జి మాత్రమే ఇస్తుంది. ప్లేటు మీది తెల్లటి పీజెడ్‌టీ సిరామిక్ కొన్ని వందలు ఇస్తుంది. కానీ అది వంగదు, పగులుతుంది. దాని బరువులో 60 శాతానికి పైగా సీసమే కాబట్టి గీకడం, కత్తిరించడం అసలు చేయకండి.

అందుకే వోల్టులు కాదు, చార్జి లెక్కపెట్టండి. ప్లేటు కెపాసిటెన్స్ 20 నానోఫారడ్‌లు, నొక్కితే 10 వోల్టులు అనుకుందాం. నొక్కడం, వదలడం కలిపి 0.4 మైక్రోకూలంబ్. కెపాసిటర్ 3 వోల్టులకు చేరాలంటే 3 మైక్రోకూలంబ్‌లు కావాలి, అంటే కాగితం మీద ఎనిమిది నొక్కులు. చేతిలో ఇరవై దాకా పట్టినా ఆశ్చర్యపోకండి. డయోడ్లు తమ వాటా తీసుకుంటాయి, పైగా కెపాసిటర్ నిండేకొద్దీ ప్రతి నొక్కుకూ లోపలికి పోయేది తగ్గుతుంది. నొక్కడం ఆపాకే మీటర్ తగిలించి, మొదట కనిపించిన అంకె రాసుకోండి. పది సెకన్లు ఉంచితే మూడింట రెండు వంతులు మీటరే ఖాళీ చేస్తుంది.

విజయవాడ బస్టాండు ప్లాట్‌ఫారం కింద ఇవి పరిస్తే ఫ్యాన్లు తిరగవా అని ఈ పాఠాలు మొదలైనప్పటి నుంచీ అడుగుతున్నారు. లెక్క చూడండి. 60 కిలోల మనిషి బరువు సుమారు 600 న్యూటన్‌లు. పలక ఒక మిల్లీమీటరు దిగితే అడుగుకు 0.6 జౌల్. అది ఒక్క చుక్క వృథా కాకుండా కరెంటుగా మారినా, 75 వాట్ల ఫ్యాన్ ఒక్కటి తిరగాలంటే సెకనుకు 125 అడుగులు పడాలి. పండగ రద్దీలోనూ ఒక ఫ్యాన్ కింద అన్ని అడుగులు పడవు. ఈ పదార్థాల చోటు అది కాదు. బ్యాటరీ మార్చడం కష్టమైన చిన్న సెన్సర్లు, చెప్పులోనో చేతికట్టులోనో కదలికను పట్టే పరికరాలు, అక్కడ మైక్రోవాట్‌లు చాలు.

వచ్చే పాఠానికి: ఇదే బ్రిడ్జికి ప్లేటు తీసి పొర పెట్టండి. పది, ఇరవై, నలభై వంపులకు ఎన్ని వోల్టులు వచ్చాయో విడివిడిగా రాసి ఉంచుకోండి. ఆ అంకెలు పక్కన పెట్టుకుని నానో పోగుల్లోకి (వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటివి) వెళ్దాం. ఆ పోగులు తీసే ఎలక్ట్రోస్పిన్నింగ్‌కు వేల వోల్టులు కావాలి, ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.