టీ రుచులు పోల్చేటప్పుడు ఘాటైనది చివర్న

రెండు మూడు రకాల ఆకు టీలు పక్కపక్కన పెట్టి రుచి చూడాలంటే చెంచాతో కొలవకండి. నలిగిన ఆకు చెంచాలో కిక్కిరిసి కూర్చుంటుంది, పొడవాటి ఆకు గుల్లగా నిలుస్తుంది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల చొప్పున తూచి, అన్నిటినీ ఒకేసేపు నాననివ్వండి. పాలు, చక్కెర వద్దు. గ్రీన్ టీకి మాత్రం 80 డిగ్రీల వేడి చాలు, మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది.

అసలు కిటుకు వరసలో ఉంది: మామూలు టీ ముందు, పరిమళం కలిపినవి చివర. ఎర్ల్ గ్రే అనే పరిమళపు టీలో కలిపే బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు) నూనె వాసన నాలుకనే కాదు, కప్పునీ ఓ పట్టాన వదలదు. ఒకసారి వరస తిరగేసి తాగితే, ఆ తర్వాత పోసుకున్న డార్జిలింగ్ కూడా నాకు నిమ్మతొక్కలాగే తగిలింది! కాస్త చల్లారాక మరో గుక్క చప్పరించండి, వేడిలో తెలియని వగరు అప్పుడు తెలుస్తుంది.