ఉబ్బసం ఉంది, కడుపుతో ఉన్నారు: ఫ్లూ టీకా వేయించుకోవాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

నా రెండో కాన్పులో ఐదో నెల చెకప్‌కి వెళ్లొచ్చి, డాక్టరమ్మ ఫ్లూ టీకా రాసిందని చెప్పగానే మా అత్తయ్య చేతిలోని చాట పక్కన పెట్టేశారు. “వట్టి మనిషివి కాదు, పైగా ఆయాసం మనిషివి. ఇప్పుడు లేనిపోని సూదులెందుకమ్మా? టీటీ వేశారుగా, చాలదూ?”

ఆవిడ నలుగురు పిల్లల్ని కన్నారు. అప్పట్లో ఈ టీకా పేరే ఎవరూ ఎత్తలేదు, కాబట్టి ఆవిణ్ని తప్పుపట్టలేను. నిజం చెప్పాలంటే నా భయమూ అదే. తొలకరి చినుకు పడిందంటే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యే రకం నేను. చిన్నప్పటి నుంచీ ఏ మందు చూసినా ‘ఇది నాకు పడుతుందా’ అని అనుమానమే. వారం పాటు తటపటాయించి చివరికి వేయించుకున్నాను. ఆ వారంలో ఏమేం చూసుకున్నానో, తర్వాత ఇంకేం తెలిసిందో వరసగా రాస్తున్నాను. ఆఖరి మాట మీ డాక్టరుదే. కాకపోతే ఓపీలో మనకి దొరికేది ఐదు నిమిషాలు, ఏం అడగాలో ముందే తెలిసి వెళ్తే మంచిది.

1. ముందు ఫ్లూ ఏం చేస్తుందో చూడండి

టీకా వేసుకుంటే ఏమవుతుందోనని అందరం ఆలోచిస్తాం. వేసుకోకుండా ఫ్లూ వస్తే ఏమవుతుందన్న లెక్క మాత్రం వెయ్యం. ఫ్లూ అంటే జలుబు అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. జలుబు మెల్లగా ముక్కు కారుతూ మొదలవుతుంది. ఫ్లూ అలా కాదు, పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి 102, 103 జ్వరంతో, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు మంచాన పడుతుంది.

నెలలు నిండేకొద్దీ గర్భసంచి పైకి ఒత్తుతుంది. పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండరం పైకి జరిగి, ఊపిరి వదిలాక లోపల నిల్వ ఉండాల్సిన గాలి తగ్గిపోతుంది. ఒంటికి కావలసిన ఆక్సిజనేమో పెరుగుతుంది. అంటే మామూలు గర్భిణికే చేతిలో మిగులు తక్కువ. దానికి ఉబ్బసం తోడైతే, వాపుతో ఇప్పటికే ఇరుకైన గాలిగొట్టాల మీద వైరస్ వచ్చి కూర్చుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఉబ్బసం ఎటు పోతుందో చెప్పడానికి డాక్టర్లు ఒక మోటు లెక్క చెబుతారు: మూడో వంతు మందికి తగ్గుతుంది, మూడో వంతుకి పెరుగుతుంది, మిగతావాళ్లకి ఎప్పటిలాగే ఉంటుంది. మనం ఏ వంతులో పడతామో ముందు తెలియదు.

2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొట్టమొదట బయటపడింది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. ఆ ఏడాది అమెరికా జనాభాలో గర్భిణులు ఒక శాతమే. స్వైన్ ఫ్లూ మరణాల్లో మాత్రం వాళ్ల వాటా సుమారు 5 శాతం. 2015 మొదట్లో తెలంగాణలో స్వైన్ ఫ్లూ మళ్లీ విజృంభించినప్పుడు గాంధీ ఆసుపత్రి వార్తలు చూసినవాళ్లకి ఇంకే అంకెలూ అక్కర్లేదు. టీకా వేసుకోవాల్సినవాళ్లలో గర్భిణులకే మొదటి వరస అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది ఇందుకే.

2. మీ ఉబ్బసం లెక్క కాగితం మీద పెట్టండి

గత నెలలో ఆయాసంతో ఎన్ని రాత్రులు లేచారు? ఆస్తాలిన్‌లాంటి అప్పటికప్పుడు వాడే పంపు వారానికి ఎన్నిసార్లు కావాల్సొస్తోంది? ఏడాదిలో స్టెరాయిడ్ మాత్రలు వాడారా? ఎప్పుడైనా అడ్మిట్ అయ్యారా? నాలుగు ముక్కలూ రాసుకుని గైనకాలజిస్టుకి చూపించండి. చాలామంది ఈ సంగతి ఆవిడకి చెప్పనే చెప్పరు, ‘అది ఛాతీ డాక్టరు వ్యవహారం’ అనుకుంటారు.

ఇంకో మాట, టీకా కంటే పెద్దది. నెల తప్పగానే ఎవరో చెప్పారని రోజూ వాడే ఇన్‌హేలర్ ఆపేసేవాళ్లున్నారు. ఆపకండి. బుడెసొనైడ్‌లాంటి పీల్చే మందు కడుపులో బిడ్డదాకా చేరేది బహు స్వల్పం. తల్లికి ఊపిరాడకపోతే మాత్రం బిడ్డకీ ఆక్సిజన్ తగ్గుతుంది.

ఉబ్బసం అదుపులో లేదు కాబట్టి టీకా వాయిదా వేద్దామనుకోవడం తిరకాసు లెక్క. అలాంటివాళ్లకే అది ఎక్కువ అవసరం. ఆ రోజు గట్టిగా జ్వరం ఉన్నా, అప్పుడే ఆయాసం ముంచుకొచ్చి ఉన్నా తగ్గేదాకా ఆగాలి. కాస్త ముక్కు కారుతోందనో, స్టెరాయిడ్ మాత్రలు నడుస్తున్నాయనో ఆగక్కర్లేదు.

3. జబ్బకు వేసేదా, ముక్కులో చల్లేదా?

ఒకటే పేరు మీద రెండు రకాలున్నాయి. ఇంజెక్షన్ రూపంలో ఉండేది చంపేసిన వైరస్ ముక్కలతో చేసింది. అందులో బతికున్నది ఏదీ లేదు కనుక ఫ్లూ తెప్పించడం దాని చేతకాదు. ముక్కులో చల్లేది బలహీనపరిచిన బతికున్న వైరస్. గర్భిణులు అది వాడకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లకీ దానితో జాగ్రత్త అవసరమే. కాబట్టి మనకి సంబంధించినంతవరకూ ఇంజెక్షనే. ‘సూది వద్దు, స్ప్రే ఉందిగా’ అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి.

4. భయాలను ఒక్కొక్కటిగా పట్టుకోండి

“టీకా వేస్తే ఆయాసం వస్తుందా?” నన్ను పీడించిన ప్రశ్న ఇదే. ఉబ్బసం ఉన్న రెండు వేల మందికి పైగా పిల్లలూ పెద్దలకూ అసలు టీకా, ఉత్తుత్తి సూది వేర్వేరుగా వేసి చూసిన అమెరికా అధ్యయనం 2001లో వచ్చింది. తర్వాత రెండు వారాల్లో ఉబ్బసం ముదిరినవాళ్లు రెండు వైపులా దాదాపు సమానమే. అంటే సూది తర్వాత ఆయాసం రావచ్చు, సూది లేకున్నా వచ్చేదే.

“గర్భం పోతుందా?” ఈ ప్రశ్నని నవ్వి కొట్టిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. దీని వెనక ఒక కథ ఉంది. 2017లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. వరసగా రెండేళ్లు టీకా వేసుకున్న కొందరిలో గర్భస్రావంతో ముడి కనిపించినట్టు అందులో ఉంది. ఆ పరిశోధకులే ఇంకా ఎక్కువమందిని తీసుకుని, తర్వాతి సీజన్లలో మళ్లీ చూశారు. అప్పుడు ఆ ముడి కనిపించలేదు. మిగతా అధ్యయనాలూ ఇదే చెప్పాయి. వాట్సాప్‌లో తిరిగేది మొదటి సగమే. ఇటుపక్క, మొదటి నెలల్లో తీవ్రమైన జ్వరమే బిడ్డ ఎదుగుదలకు మంచిది కాదన్నది కూడా తక్కెడలో వెయ్యాలి.

“గుడ్డు పడదు, మరి?” ఈ టీకాలు ఎక్కువగా కోడిగుడ్లలోనే తయారవుతాయి. అయినా గుడ్డు ఎలర్జీ ఇప్పుడు అడ్డంకి కాదు. చెప్పి వేయించుకుంటే సరి.

“పాదరసం ఉంటుందటగా?” ఎక్కువమందికి వాడే పెద్ద సీసాల్లో చెడిపోకుండా కలిపే పదార్థం గురించి ఆ మాట. దాంతోనూ హాని కనబడలేదు. మనసు ఒప్పకపోతే ఒక్కరికే సరిపడేలా ముందే నింపిన సిరంజి అడగండి, మన దగ్గర ప్రైవేటులో దొరికేది ఎక్కువగా అదే.

నిజంగా ఆగాల్సినవాళ్లు తక్కువ. ఇదివరకు ఫ్లూ టీకాకే ఒళ్లంతా దద్దుర్లు, గొంతు వాపు, బీపీ పడిపోవడంలాంటి తీవ్రమైన ఎలర్జీ వచ్చినవాళ్లు వేసుకోకూడదు. ఫ్లూ టీకా వేసిన ఆరు వారాల్లోపు గిలాన్-బారే జబ్బు (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ బలం కోల్పోయే జబ్బు) వచ్చి ఉంటే డాక్టరుతో గట్టిగా మాట్లాడుకోవాలి.

ఇది వజ్రకవచమేమీ కాదు. వేసుకున్నా ఫ్లూ రావచ్చు. పలు దేశాల లెక్కలు కలిపి 2018లో వచ్చిన అధ్యయనంలో, ఫ్లూతో ఆసుపత్రి పాలయ్యే ముప్పు గర్భిణుల్లో సగటున 40 శాతం తగ్గింది. నాకైతే ఆ తగ్గింపు చాలనిపించింది.

5. ఏ నెలలో?

ఇంట్లో మనం నెలల్లో చెబుతాం, డాక్టర్లు వారాల్లో లెక్కిస్తారు. ఏ నెలలోనైనా వేయవచ్చన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన గైనకాలజిస్టుల్లో కొందరు 26 వారాలు దాటాక, అంటే ఏడో నెల పడ్డాక వేద్దామంటారు. బిడ్డకి తల్లి నుంచి వెళ్లే రక్షణ అప్పుడు బాగుంటుందన్నది ఒక కారణం. ఊళ్లో ఫ్లూ తిరుగుతుంటే, మీకు ఉబ్బసం ఉంటే, “అప్పటిదాకా ఆగాలా?” అని తప్పకుండా అడగండి. నాకు 20 వారాలకే వేశారు.

మన ప్రాంతంలో ఫ్లూ రెండు దఫాలు వస్తుంది: వానాకాలంలో ఒకటి, సంక్రాంతి దాటాక చలి చివర్లో ఒకటి. సూది వేశాక రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఉబ్బసం ఉన్న ఇళ్లలో మృగశిర కార్తె అంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం, చేప ప్రసాదం క్యూలు గుర్తొస్తాయి. ఆ నమ్మకాల జోలికి నేను పోను కానీ, టీకాకి కూడా సరైన అదను అదే, కార్తెకి కాస్త ముందు. అది దాటిపోయిందా, దొరికినప్పుడు వేయించుకోండి.

6. పెట్టె చేతిలోకి తీసుకుని చదవండి

ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణికి ఉచితంగా వేసేది ధనుర్వాతం, కంఠసర్పి టీకా. అందరం ఇప్పటికీ టీటీ అనే అంటున్నాం కానీ అది టీడీ అయింది. ఫ్లూ టీకా ఆ జాబితాలో లేదు, కొనుక్కోవాలి. వెయ్యిన్నర, రెండు వేల చుట్టూ అవుతుంది, బ్రాండును బట్టి మారుతుంది.

నా అనుభవం ఒకటి చెప్పాలి. ఆసుపత్రి కింద మందుల షాపులో కుర్రాడు ఫ్రిజ్ తీసి పెట్టె అందించాడు. గడువు తేదీ ఇంకో నెల ఉంది, సరేననుకున్నాను. పక్కకి తిప్పితే సీజన్ పాతది. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది కనుక టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు చెబుతుంది: ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి. పెట్టె మీద సంవత్సరం, గోళం పేరు ఉంటాయి. “ఇది పోయిన సీజన్ది కదా” అంటే ఆ కుర్రాడు పెట్టె వంక, నా వంక చూసి, “ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు మేడమ్” అన్నాడు. రెండ్రోజులాగితే కొత్త స్టాకు వచ్చింది. గోళం గురించి మరీ బుర్ర పాడుచేసుకోకండి, అప్పటికి వచ్చినవాటిలో కొత్తది అడిగితే చాలు. నాలుగు రకాలకి బదులు మూడు రకాలదని ఉంటే కంగారొద్దు. నాలుగోదైన యమగాటా రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనబడలేదు.

టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. బయట కొని తీసుకెళ్తుంటే ఐస్ ప్యాక్ ఉన్న సంచిలో ఇమ్మనండి, పెట్టె నేరుగా ఐసుకి తగలకుండా చూడండి. ఇంటికి పట్టుకెళ్లి ఫ్రీజర్‌లో పెట్టిన మా పిన్ని కూతురు రెండు వేలూ నీళ్లపాలు చేసుకుంది.

7. వేయించుకునే రోజు

పంపు హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. ఎలర్జీలన్నీ ముందే చెప్పండి. సూది జబ్బకు వేస్తారు, అర మిల్లీలీటరు. టీడీ సూది కూడా ఆ రోజే ఉంటే రెండూ ఒకేసారి వేయవచ్చు, చెరో జబ్బకు. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. తల్లీబిడ్డల కార్డులో తేదీ, టీకా పేరు రాయించుకోండి.

ఆ రాత్రి నాకు చెయ్యి పైకెత్తి జడ వేసుకోవడం కష్టమైంది, రెండో రోజుకి పోయింది. కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది. పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఐబుప్రొఫెన్ రకం నొప్పి మాత్రలు మాత్రం వద్దు. కడుపుతో ఉన్నప్పుడు అవి మంచివి కావు, ఉబ్బసం ఉన్న కొందరికి వాటితో ఆయాసం ఎక్కువవుతుంది.

8. ఇంట్లోవాళ్ల సంగతి

పుట్టిన బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు. అప్పటిదాకా బిడ్డకి ఉన్నది కడుపులో మీరిచ్చిన రక్షణ, చుట్టూ ఉన్నవాళ్లు దగ్గు అంటించకుండా ఉండటం. బాలింతరాలి గదిలో ఎక్కువసేపు బిడ్డని ఒళ్లో పెట్టుకునేది ఎవరు? అమ్మమ్మ, నానమ్మ. మా అత్తయ్యకి అరవై దాటాయి, షుగరు కూడా ఉంది, కాబట్టి ఆవిడ సొంత ఆరోగ్యానికే టీకా అవసరం. ఈ మాట నేను చెబితే వినలేదు, డాక్టరమ్మ చెబితే వేయించుకున్నారు. ఇప్పటికీ దాని ఖరీదు గురించి సణుగుతారు.

9. వేసుకున్నా, వేసుకోకపోయినా జ్వరం వస్తే

చివరికి వద్దనుకున్నా సరే, ఇదొక్కటి గుర్తుంచుకోండి. హఠాత్తుగా జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు వస్తే రెండ్రోజులు కషాయంతో నెట్టుకురావద్దు, అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి. ఒసెల్టామివిర్ అనే మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, గర్భిణులకీ ఇస్తారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగక్కర్లేకుండానే డాక్టరు మొదలుపెట్టవచ్చు.

ఒక్క మాట పూర్తిగా అనలేనంత ఆయాసం, పంపు కొట్టినా తగ్గకపోవడం, కోవిడ్ నాడు కొన్న ఆక్సీమీటరు వేలికి పెడితే 95 కంటే తక్కువ చూపడం, పెదాలు నీలంగా మారడం, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించడం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఎవరినీ సలహా అడగకండి, 108కి ఫోన్ చేయండి.