ఋషికుల్య ఒడ్డుకి తాబేలు పిల్లల కాపలాకి వస్తున్నవాళ్లకు

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి ఏప్రిల్లో వాలంటీరుగా వస్తున్నారంటే ముందు పగలు పడుకోవడం అలవాటు చేసుకోండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో గుంపులుగా వచ్చి, ఒక్కోటి వంద, ఆ పైన గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి, కొన్నేళ్లు అసలు గుంపుగా రావు కూడా, 2025లో మాత్రం దాదాపు 7 లక్షలు వచ్చాయి. గుడ్లు ఇసుక వేడికే పొదిగి 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఇసుక చల్లబడ్డాక, అంటే రాత్రీ తెల్లవారుజామునా ఆ పిల్లలు పైకి వస్తాయి. మన డ్యూటీ కూడా అప్పుడే.

సొంతంగా వచ్చి ఒడ్డున తిరగొద్దు. ఈ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోది, అనుమతి లేకుండా ముట్టుకున్నా తప్పే. అటవీ శాఖతో కలిసి పనిచేసే ఊరి కమిటీ ద్వారానే రండి. బరంపురంలో రైలు దిగి ఛత్రపురం మీదుగా గంజాం వైపు రావాలి. భాష గురించి టెన్షన్ అక్కర్లేదు, ఒడియావాళ్లు నోలియాలని పిలిచే ఇక్కడి జాలర్ల ఇళ్లలో మాట్లాడేది తెలుగే.

పిల్లలకి పెద్ద శత్రువు లైటు. చీకట్లో ఏ వైపు వెలుతురుగా ఉంటే అటు పాకడం వాటి స్వభావం. మనుషుల దీపాలు లేనప్పుడు ఆ వెలుతురు సముద్రం మీదే ఉండేది, ఇప్పుడు ఊరి దీపాలు, హైవే దీపాలు వాటిని వెనక్కి లాగుతున్నాయి. అందుకే గూళ్లకి ఊరి వైపున పొట్టి వల కడతాం, అంచు ఇసుకలో పూడ్చి. పిల్లలు దానికి తగిలి ఆగుతాయి, మనం ఏరి బకెట్లో వేసి నీళ్ల దగ్గర వదులుతాం. వల కట్టేసి కబుర్లలో పడితే లాభం లేదు, ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉండాలి, కాలు చిక్కుకున్న పిల్లని పీతలు, కుక్కలు వదలవు, తెల్లారితే కాకులు దిగుతాయి. బకెట్లో నీళ్లు పోయొద్దు, అడుగున తడి ఇసుక చాలు, ఒకదాని మీద ఒకటి పోగు పడకముందే ఖాళీ చేయండి. నేరుగా అలలో వేయకుండా కాస్త దూరం ఇసుక మీద పాకనివ్వండి. చేతులకి దోమల క్రీము రాసుకుని వాటిని పట్టుకోవద్దు, దయచేసి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్ ఫ్లాష్ అసలు వద్దు, నడక ఎప్పుడూ తడి ఇసుక మీదే, పైన పొడి ఇసుక కింద గూళ్లుంటాయి.

ఎండెక్కకముందే వలలు చూసుకుని, ఒడ్డున పడి ఉన్న తెగిన వల ముక్కలూ ప్లాస్టిక్కూ ఏరేయాలి. తర్వాత చద్దన్నం, ఉల్లిపాయ, ఎండు చేప, ఏ ఇంట్లో ఏది పెడితే అది. ఇక పడుకోవడమే. సరుగుడు తోట నీడ బాగుంటుంది కానీ ఈ నెలల్లో సాయంత్రం ఉరుములతో గాలివాన వస్తుంది, మబ్బు పట్టగానే చెట్ల కింద నుంచి లేచి పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి. నీళ్లు పగలే బాగా తాగాలి, రాత్రి దాహం వేశాక తాగుదాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. ఆడపిల్లలు వచ్చే టీమ్ అయితే ఎవరి ఇంటి బాత్‌రూమ్ వాడుకోవాలో మొదటి రోజే ఇంటి అక్కలతో మాట్లాడుకోవాలి. నదీముఖం దగ్గర ఈత వద్దే వద్దు, అక్కడి నీటి లాగుడు ఊరివాళ్లకి తెలిసినంత మనకి తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇది. నవంబరు 1 నుంచి మే 31 వరకు ఈ నదీముఖం దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు మోటారు పడవల వేట నిషేధం. మనం ఎవరి ఇంట్లో అన్నం తింటున్నామో ఆ మామ ఏడు నెలలు దగ్గరి నీళ్లలో మోటారు పడవ మీద వెళ్లి వల వేయలేడన్నమాట. ఆయనకి తాబేళ్ల గురించి ఉపన్యాసం ఇవ్వడం చాలా తప్పు. గాలి ఎటు తిరిగిందో, ఈ రాత్రి పిల్లలు లేస్తాయో లేదో ఇసుక చూసి చెప్పేది ఆయనే, రాత్రంతా కాపలా కాసేది వాళ్ల పిల్లలే. "మామా, ఇవాళ ఏ వైపు నిలబడమంటావ్?" అని అడిగి అక్కడ నిలబడండి. తిండి ఖర్చు ఆ ఇంటి ఆడవాళ్ల చేతికే ఇవ్వండి, వద్దన్నా సరే.

వెళ్లే రోజు సామాను సర్దుకునే ముందు, తర్వాతి బ్యాచ్ రాకపోతే గనక, కట్టిన వలలన్నీ విప్పి, పాతిన కర్రలు పీకి కమిటీకి అప్పగించండి. చూసేవాళ్లు లేని వల ఒక్క రాత్రి మిగిలినా పిల్లలు దానికే తగులుకుని ఎండకి చచ్చిపోతాయి.