తల లేని గిటార్‌ను వాయించి తేల్చుకోవడం ఎలా

మా మిత్రుడొకరు రిహార్సల్‌కు తెచ్చిన ఎలక్ట్రిక్ గిటార్‌ను మొదటిసారి చూసినప్పుడు, పెళ్లివారి వంటశాలలో పులిహోర కలిపే తెడ్డుకు ఎవరో ఆరు తీగలు బిగించారనుకున్నాను. దానికి తల లేదు, అంటే నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ) చివర శ్రుతి చేసే బిరడలు అమర్చే పలక లేదు. బాడీ కూరగాయలు తరిగే పలకంత ఉంది. అందరి ముందూ ఒక ఛలోక్తి విసిరి, రెండు గంటలు గడవకముందే దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇటువంటి వాద్యం మీ చేతికి వచ్చినప్పుడు అభిప్రాయాన్ని నిజాయితీగా ఎలా పరీక్షించుకోవాలో నా అనుభవాన్ని బట్టి చెబుతాను.

వాయించడానికి ముందే మీ అభ్యంతరాలను ఒక కాగితం మీద రాసుకోండి. ‘బాగాలేదు’ అని రాస్తే లాభం లేదు. ‘తొడ మీద నిలవదు’, ‘చేయి ఆనించే చోటు లేదు’, ‘ధ్వని పలచగా ఉంటుంది’ అని విడివిడిగా రాస్తే ఒక్కొక్కదాన్నీ పరీక్షకు పెట్టవచ్చు. ‘వేదిక మీద నవ్వుతారు’ అన్నది కూడా రాయవచ్చు గాని, దానికి జవాబు గిటార్ దగ్గర దొరకదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చిన్నతనంలో ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కర్ణాటక కచేరీకి కూర్చున్నప్పుడు ఆ వాద్యాన్ని చూసి సందేహించినవారు ఉన్నారు. వారి సందేహం తీరింది చెవులతోనే.

తరువాత ఆ ఆకారం ఏ పని కోసం అలా వచ్చిందో తెలుసుకోండి, ఎందుకంటే మీరు పరీక్షించవలసింది ఆ పనినే. ఫర్నిచర్ డిజైన్ నుంచి వాద్యాల వైపు వచ్చిన అమెరికన్ నెడ్ స్టైన్‌బర్గర్ 1980 ప్రాంతంలో ముందుగా బేస్ గిటార్‌కు తల తీసేశాడు. పొడవైన నెక్ చివర నాలుగు బరువైన బిరడలు ఉంటే వాద్యం ఎడమవైపు నేలకు వాలుతుంది, వాద్యకారుడు స్వరం పలికించవలసిన చేతితోనే దాన్ని పైకి మోయవలసి వస్తుంది. ఆయన బిరడలను బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే ఆధారం) వెనక్కి చేర్చి, చెక్కకు బదులు కార్బన్ ఫైబర్‌తో నెక్, బాడీ కలిపి పోతపోసినట్టు తయారు చేశాడు. ఆ పద్ధతిలోనే తరువాత ఆరు తీగల గిటార్లు వచ్చాయి, బ్రిటిష్ గిటారిస్టు అలన్ హోల్డ్స్‌వర్త్ వంటివారు వాటిని వాయించారు. మా మిత్రుడిది చెక్కతో చేసిన చవకరకం, కాని అమరిక అదే. కాబట్టి దాన్ని అడగవలసిన ప్రశ్నలు రెండు: ఎడమచేతికి బరువు తగ్గిందా, శ్రుతి నిలుస్తోందా?

ఇక వాద్యాన్ని సిద్ధం చేయాలి. పరాయి గిటార్ నచ్చకపోవడానికి సగం సందర్భాల్లో తుప్పుపట్టిన తీగలే కారణమని నా నమ్మకం. మీ గిటార్‌కు 0.010 అంగుళాల సెట్ (సెట్‌లో అన్నిటికంటే సన్నని తీగ మందం అది), దీనికి 0.009 సెట్ ఉంటే మీరు పోలుస్తున్నది తీగలనే తప్ప గిటార్లను కాదు. రెండింటికీ ఒకే మందం కొత్త తీగలు వేయండి. పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే మెట్టు) పైన ఆరో తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు, ఒకటో తీగ ఎత్తు 1.5 మిల్లీమీటర్లు ఉంటే మొదలుపెట్టడానికి చాలు. అదే ఫ్రెట్ మీద తీగను వేలితో తేలికగా తాకి పలికించిన హార్మోనిక్, నొక్కి పలికించిన స్వరం ట్యూనర్ మీద ఒక్కటిగా కనిపించాలి. కనిపించకపోతే బ్రిడ్జి సరిచేశాకే తీర్పు గురించి ఆలోచించాలి.

మొదట నిలబడి, స్ట్రాప్ తగిలించుకుని వాయించండి. చిన్న బాడీ గల గిటార్‌ను కూర్చుని మొదలుపెడితే అది తొడ మీద నుంచి జారుతుంది, మీకు చిరాకు పుడుతుంది, ఆ చిరాకే అభిప్రాయంగా మిగిలిపోతుంది. స్ట్రాప్‌ను మామూలుకంటే నాలుగు వేళ్లు పైకి బిగించి, రెండు చేతులూ వదిలేసి చూడండి. నెక్ ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంటే మొదటి ప్రశ్నకు జవాబు వచ్చినట్టే. కూర్చుని వాయించేటప్పుడు బాడీ కింద మడతపెట్టి ఉండే కాలి ఆనుడును తెరవండి, లేదా క్లాసికల్ గిటార్ వాయించేవారిలా ఎడమపాదం కింద చిన్న పీట వేసుకోండి.

మొదటి పదిహేను నిమిషాల అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. తల ఉన్న గిటార్ మీద ఏళ్ల తరబడి వాయించినవారి ఎడమచేయి, తమకు తెలియకుండానే, ఆ పలకను సరిహద్దు రాయిలా వాడుకుంటుంది. అది లేకపోయేసరికి నా చేయి మొదటి ఫ్రెట్ దాటి గాలిలోకి వెళ్లిపోయింది, ఎఫ్ కార్డ్ (మొదటి ఫ్రెట్ దగ్గర కలిపి పట్టే స్వరాలు) పట్టబోయి వరసగా మూడుసార్లు తప్పాను. పాట మధ్యలో నాలుగో తీగ దిగినట్టనిపించి, బిరడ తిప్పడానికి అలవాటుగా ఎడమచేయి పైకెత్తితే అక్కడ ఏమీ లేదు! అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కుడిచేతికి వేరే ఇబ్బంది ఉంది: ముంజేయి ఆనించడానికి బాడీ అంచు దొరకదు, తీగలను అరచేతి అంచుతో అదిమి వాయించేటప్పుడు బ్రిడ్జి వెనుక ఉన్న గరుకు బిరడలు గుచ్చుకుంటాయి. అరచేతిని ఒక వేలు వెడల్పు ముందుకు జరిపితే ఈ బాధ తగ్గుతుంది, కాని పూర్తిగా పోదు.

ధ్వనిని పరీక్షించేటప్పుడు ముందుగా ఆంప్‌కు (ధ్వనిని పెంచే యాంప్లిఫైయర్‌కు) కలపకుండా ఒక్కో స్వరాన్ని పలికించి, అది ఎంతసేపు నిలుస్తుందో వినండి. ఆ తరువాత ఆంప్‌లో డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) లేకుండా, మీటలు ఏవీ కదపకుండా, రెండు గిటార్ల మీద ఒకే పాట వాయించండి. తీగల కంపనాన్ని ఆంప్‌కు అందించే పికప్‌ల ధాటి వేరుగా ఉంటే బిగ్గరగా పలికేదే మెరుగనిపిస్తుంది కనుక, రెండూ సమానంగా వినిపించేలా ఆంప్ వాల్యూమ్‌ను మాత్రం సర్దండి. ఆపైన రెండు గిటార్లనూ స్నేహితుడికి ఇచ్చి, మీరు గోడవైపు తిరిగి కూర్చుని, మోగుతున్నది ఏదో చెప్పండి. ఈ పరీక్షలో నేను నా గిటార్ ధ్వని అని గట్టిగా చెప్పినవి అయిదింటిలో మూడు ఆ తెడ్డువే. నా కాగితం మీద ‘పలచన’ అన్న మాటను అక్కడే కొట్టేశాను.

శ్రుతి పరీక్ష ఇంకా సులువు. మూడో తీగను ఒక పూర్తి స్వరం మేర ఇరవైసార్లు లాగి వదిలి, ట్యూనర్ చూడండి. మామూలు గిటార్‌లో తీగ బిరడకు చుట్టుకుని ఉంటుంది, ఆ చుట్లు సర్దుకున్నప్పుడల్లా శ్రుతి దిగుతుంది. ఇందులో తీగ రెండు చివర్లా గుండ్లు ఉండి గాడిలో కూర్చుంటాయి, సర్దుకోవడానికి చుట్లే లేవు. ఆ సాయంత్రం నా మనసు మారిన క్షణం ఏదంటే, ఏసీ గదిలోంచి ఉక్కపోతగా ఉన్న హాలులోకి వెళ్లాక పాటకూ పాటకూ మధ్య నేను వంగి శ్రుతి చేసుకుంటున్నాను, మా మిత్రుడు మంచినీళ్లు తాగుతున్నాడు.

కొనే ముందు తీగల సంగతి చూసుకోండి. రెండువైపులా గుండ్లు ఉన్న తీగలు ప్రతి దుకాణంలోనూ దొరకవు. ఒక కార్యక్రమానికి ముందురోజు సాయంత్రం ఆ గిటార్ రెండో తీగ తెగితే, ఊళ్లో రెండు దుకాణాలు తిరిగి, చివరికి వేరే గిటార్ అరువు తెచ్చుకోవలసి వచ్చింది. మామూలు తీగలను స్క్రూతో బిగించే రకాలు ఉన్నాయి, మన ఊళ్లలో ఉండేవారికి నేను వాటినే సూచిస్తాను. మంచి గుణమూ ఒకటి ఉంది: మామూలు గిటార్ సుమారు మీటరు పొడవుంటే ఇది ముప్పావు మీటరుకు కాస్త పైన, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోవచ్చు.

వీలైతే ఆ గిటార్‌ను ఒక వారం అడిగి తెచ్చుకుని దాన్నే వాయించి, ఎనిమిదో రోజున మీ పాత గిటార్‌ను భుజానికి తగిలించుకోండి. నేను అలా చేసినప్పుడు నెక్ మెల్లగా నేలవైపు వాలింది, ఎడమచేయి తనంతట తానే దాన్ని పట్టి పైకెత్తింది. ఇన్నేళ్లుగా ఆ చేయి ఆ పని చేస్తోందని నాకు అంతవరకూ తెలియదు. కాగితం తీసి, కాలి ఆనుడు ఉంది కనుక ‘తొడ మీద నిలవదు’ అన్నదాన్ని కొట్టేశాను, ‘చేయి ఆనించే చోటు లేదు’ అన్నదాన్ని అలాగే ఉంచాను. చూపుకు మాత్రం అది నాకు ఇప్పటికీ పులిహోర తెడ్డే.